ఓర్లాండో ప్రయాణం: జనాన్ని ఆపేది విషాదాలా, టికెట్ ధరలా?

ప్రశ్న
రాసినవారు: కృష్ణాతీరం (షార్లెట్, నార్త్ కెరొలినా)

అందరికీ నమస్కారం. ఈ ప్రశ్న వెనుక తొమ్మిదేళ్ల కిందట రద్దయిన ఒక ప్రయాణం ఉంది కనుక ముందు అది చెబుతాను. 2016 జూన్ నెలాఖరున ఓర్లాండో వెళ్లడానికి మేము అన్నీ సిద్ధం చేసుకున్నాము. మా పెద్దబ్బాయికి అప్పుడు రెండేళ్లు. జూన్ 10 రాత్రి ఆ ఊళ్లో కచేరీ ముగించుకుని అభిమానులను కలుస్తున్న ఒక యువ గాయనిని కాల్చి చంపారు. జూన్ 12 తెల్లవారుజామున పల్స్ నైట్‌క్లబ్‌లో 49 మంది తుపాకి గుళ్లకు బలయ్యారు. జూన్ 14 రాత్రి, డిస్నీ వరల్డ్‌లోని గ్రాండ్ ఫ్లోరిడియన్ హోటల్ ముందున్న సరస్సు ఒడ్డున, నీళ్లలో కాళ్లు తడుపుకుంటూ ఆడుకుంటున్న రెండేళ్ల పసివాణ్ణి మొసలి లాక్కుపోయింది. మొదటి రెండు వార్తలు విన్నప్పుడు మనసు కలత చెందినా ప్రయాణం మానుకోవాలని అనిపించలేదు. మూడోది విన్న రాత్రి మాత్రం పక్కన పడుకున్న మా వాడి చెయ్యి వదలలేకపోయాను. మర్నాడే అన్నీ రద్దు చేసుకున్నాము. విమానం టికెట్ల డబ్బు తిరిగి రాలేదు, రావాలని నేను పట్టుబట్టనూ లేదు.

ఇప్పుడు మా మామయ్యగారు, అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు. ఫిబ్రవరి నెల మధ్యలో తిరిగి వెళ్లిపోతారు. పెద్దవాడికి పదకొండేళ్లు, చిన్నమ్మాయికి ఆరేళ్లు. ఈ 2025 డిసెంబరు సెలవుల్లో అందరమూ కలిసి ఓర్లాండో వెళ్దామని మావారు అన్నారు. తీరా చూస్తే క్రిస్మస్ వారంలో డిస్నీ వరల్డ్‌లోని పార్కు అయిన మేజిక్ కింగ్‌డమ్‌కు ఒక రోజు టికెట్ 199 డాలర్లుగా ఉంది. సరిగ్గా మేము లెక్కలు వేసుకుంటున్న రోజుల్లోనే, 2025 మే నెలలో కొత్తగా తెరిచిన యూనివర్సల్ కంపెనీ థీమ్ పార్కు ఎపిక్ యూనివర్స్‌లో స్టార్‌డస్ట్ రేసర్స్ అనే రోలర్ కోస్టర్ ఎక్కిన ఒకాయన సెప్టెంబరు 17న మరణించారన్న వార్త వచ్చింది. అత్తయ్యగారు ఆ వార్త చూసి, "అంత డబ్బు పోసి ప్రాణం మీదికి తెచ్చుకోవడం దేనికమ్మా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

నా స్నేహితురాలు ఒకామె, ప్రమాదం జరిగింది కనుక జనం తగ్గుతారని, జనం తగ్గితే టికెట్లూ తగ్గుతాయని, కొన్నాళ్లు ఆగితే మంచిదని సలహా ఇచ్చింది. ఒక ఇంట్లో మనిషి పోయినందుకు మనకు టికెట్ చవకగా దొరుకుతుందని ఎదురుచూడటం నాకు మింగుడుపడలేదు. అయినా ఆమె చెప్పిన దాంట్లో నిజమెంతో తెలుసుకోవాలని ఉంది. ఇలాంటి విషాదాల తరువాత జనం నిజంగానే రావడం మానేస్తారా? మానేస్తే ఎంతకాలం? ధరలు ఎప్పుడైనా తగ్గాయా? అక్కడ ఉన్నవారు, ఈ విషయాన్ని దగ్గరగా చూసినవారు చెబితే మా నిర్ణయానికి ఒక ఆధారం దొరుకుతుంది.


సమాధానం
రాసినవారు: కిస్సిమ్మీ పాతకాపు (కిస్సిమ్మీ, ఫ్లోరిడా)

కృష్ణాతీరం గారూ, నేను 2000 నుంచి ఓర్లాండో పక్కనే ఇక్కడ ఉన్నాను. పని హోటల్ లెక్కల విభాగంలో. ఏ రోజు ఎన్ని గదులు నిండాయి, ఎన్ని రద్దయ్యాయి అన్న కాగితం రోజూ ఉదయం నా బల్ల మీదికి వస్తుంది. అందుచేత మీ ప్రశ్నకు నా సమాధానం ఆ కాగితం చదివిన మనిషి సమాధానం అనుకోండి.

ముందుగా ధర సంగతి. విషాదం జరిగిందని డిస్నీ గేటు టికెట్ ధర తగ్గించడం నేను చూడలేదు. మీరు ప్రయాణం మానుకున్న ఆ 2016లోనే, ఫిబ్రవరిలో, డిస్నీ మొదటిసారి కాలాన్ని బట్టి ధర పెట్టింది. మేజిక్ కింగ్‌డమ్‌కు రద్దీ లేని రోజున 105, మామూలు రోజున 110, రద్దీ రోజున 124 డాలర్లు. జూన్‌లో అంత ఘోరం జరిగింది. ఎనిమిది నెలల తరువాత, 2017 ఫిబ్రవరిలో, రద్దీ రోజు ధర అలాగే ఉంచి మిగతా రెండింటినీ 107కూ 115కూ పెంచారు. అలాంటి సమయాల్లో తగ్గేది గది అద్దె ఒక్కటే, అదీ కొన్ని వారాలపాటే. మీ స్నేహితురాలి సలహా గదుల విషయంలో కొంతవరకు నిలుస్తుంది కానీ టికెట్ల విషయంలో నిలవదు.

ఇక జనం సంగతి. ఆ జూన్ మూడో వారంలో మా హోటల్లో రద్దులు వచ్చిన మాట నిజమే. వాటిలో మీలాగా పసిపిల్లలున్న కుటుంబాలే ఎక్కువ. అయితే ఏడాది మొత్తం మీద ఓర్లాండోకు వచ్చిన సందర్శకులు 2015లో 6 కోట్ల 60 లక్షలైతే 2016లో 6 కోట్ల 80 లక్షలు. ఇవి ఊరి పర్యాటక సంస్థ విజిట్ ఓర్లాండో ప్రకటించిన సంఖ్యలు. పార్కుల వారీగా చూస్తే విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. థీమ్ పార్కుల సందర్శకులను ఏటా అంచనా వేసే టీఈఏ, ఏఈకామ్ నివేదికల ప్రకారం మేజిక్ కింగ్‌డమ్‌కు 2015లో 2 కోట్ల 4 లక్షల 92 వేల మంది, 2016లో 2 కోట్ల 3 లక్షల 95 వేల మంది వచ్చారు. తగ్గింది అర శాతం. అదే ఏడాది అదే ఊళ్లో యూనివర్సల్ వారి రెండు పార్కుల్లో ఒకదానికి 4 శాతానికి పైగా, రెండోదానికి 6 శాతానికి పైగా జనం పెరిగారు. ఆ వేసవిలోనే అక్కడ కింగ్ కాంగ్ రైడ్ కొత్తగా తెరిచారు. ఊరంటేనే భయం పుట్టి ఉంటే ఈ రెండు కంపెనీల పార్కులకూ జనం తగ్గాలి కదా.

డిస్నీలో తగ్గిన ఆ అర శాతాన్ని కూడా నేను పూర్తిగా విషాదాల ఖాతాలో వేయలేను. బ్రెజిల్ అప్పుడు తీవ్రమైన మాంద్యంలో ఉంది. ఏటా జూలైలో ఒకే రంగు చొక్కాలు వేసుకుని, ముందు ఒకరు జెండా పట్టుకుని నడుస్తుంటే, వందల మంది బ్రెజిల్ పిల్లలు బస్సుల్లో వచ్చేవారు. ఆ ఏడాది మా వరండాల్లో ఆ జెండాలు బాగా తగ్గిపోయాయి. పల్స్ ఘటన జరిగిన పదకొండు రోజులకే, జూన్ 23న, బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగాలని ఓటు వేయడంతో పౌండు విలువ పడిపోయింది. బ్రిటన్ వారు మా ఊరికి అన్ని దేశాల వారికంటే నమ్మకంగా వచ్చే అతిథులు. ఇక అక్టోబరు 7న మాథ్యూ తుపాను వల్ల డిస్నీ పార్కులన్నీ రోజంతా మూతపడ్డాయి. ఇన్ని కారణాలు కలిసిన ఏడాదిలో ఏది ఎంత తగ్గించిందో విడదీసి చెప్పడం నిజాయితీగల లెక్కలమనిషికి సాధ్యం కాదు.

విషాదం పర్యాటకాన్ని నిజంగా పడగొట్టడం నేను చూసింది 2001లో. సెప్టెంబరు 11 ఉదయం డిస్నీ వరల్డ్‌లో అప్పటికే లోపలికి వచ్చినవారిని బయటికి పంపి గేట్లు మూశారు. మర్నాడు తెరిచారు కానీ రావడానికి విమానాలు లేవు. విమానాలు తిరగడం మొదలైన తరువాత కూడా ఎక్కడానికి జనానికి ధైర్యం చాలలేదు. ఆ శరదృతువులో మా హోటల్లో అంతస్తులకు అంతస్తులే దీపాలు ఆర్పి ఉంచాము. నాకు వారానికి నలభై గంటల పని ఇరవై నాలుగు గంటలైంది, గదులు శుభ్రం చేసే అమ్మలకు అదీ లేదు. డిస్నీ అప్పటికే కట్టడం మొదలుపెట్టిన పాప్ సెంచురీ అనే హోటల్‌ను అనుకున్న సమయానికి తెరవలేక 2003 డిసెంబరులో తెరిచింది, అదీ సగమే. చెరువుకు అవతల ఉన్న మిగతా సగం అసంపూర్తి గోడలతో ఏళ్ల తరబడి అలాగే నిలిచిపోయింది. చివరికి ఆ పథకాన్నే మార్చి 2012లో ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ అనే వేరే హోటల్‌గా తెరిచారు. ఆ పదేళ్లలో ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఖాళీ గోడలను చూసి, లెక్కల పుస్తకంలో కనిపించనిది ఇక్కడ కనిపిస్తోంది అనుకునేవాణ్ణి.

కనుక నేను గమనించింది ఇది. ప్రయాణించే దారినే మూసేసిన విషాదం, 2001లో గానీ కరోనా కాలంలో గానీ, ఊరిని పడుకోబెడుతుంది. 2020 మార్చిలో మూసిన డిస్నీ పార్కులు జూలై 11 నుంచి ఒక్కొక్కటిగా తెరుచుకున్నా ఆ ఏడాది మొత్తం మీద మేజిక్ కింగ్‌డమ్‌కు వచ్చినవారు సుమారు 69 లక్షలే. డిస్నీ తన అమెరికా పార్కుల విభాగంలో 28 వేల మందిని తొలగిస్తున్నట్లు ఆ సెప్టెంబరులో ప్రకటించింది. మిగతా విషాదాలను జనం మనసులో మోస్తారు, కానీ రావడం మానరు.

మీ పాత నిర్ణయం గురించి ఒక్క మాట. ఆ సరస్సు ఒడ్డున అప్పటిదాకా ఈత కొట్టకూడదన్న బోర్డులే ఉండేవి. మొసళ్లు ఉంటాయన్న హెచ్చరిక లేదు. ఆ ఘటన తరువాత కొద్ది రోజుల్లోనే మొసళ్లు, పాములు ఉంటాయని బోర్డులు పెట్టి, ఒడ్డు పొడవునా తాళ్ల కంచె కట్టి, తరువాత రాళ్ల గట్టు వేశారు. కనుక మీరు అనవసరంగా భయపడ్డారని నేను ఎన్నడూ అనను. మీరు బుక్ చేసుకున్న నాటికి ఆ కంచె లేదు.


సమాధానం
రాసినవారు: రాజమండ్రి ఇంజనీరు (డెర్బీ, ఇంగ్లండ్)

పై సమాధానం విలువైనదే గానీ అందులో చెప్పిన విషాదాలన్నీ ఒక కోవకు చెందినవి. తుపాకి, మొసలి, తుపాను, మహమ్మారి. వీటిలో ఏదీ రైడ్ యంత్రం చేసిన తప్పు కాదు. పార్కు తన చేతిలో ఉన్న పనిలోనే తప్పు చేసినప్పుడు జనం అంత సులభంగా తిరిగి రారని నేను ఉన్న చోటి అనుభవం చెబుతోంది. నేను ఫ్యాక్టరీ యంత్రాల భద్రత చూసే ఇంజనీరును. మా ఇంటి నుంచి ఆల్టన్ టవర్స్ పార్కుకు గంట లోపు ప్రయాణం.

2015 జూన్ 2న అక్కడ స్మైలర్ అనే రోలర్ కోస్టర్ మీద పదహారు మంది ఎక్కిన బండి, పట్టాల మీద ఆగిపోయి ఉన్న ఖాళీ బండిని గుద్దింది. ఇద్దరు యువతులకు ఒక్కో కాలు తీసేయవలసి వచ్చింది. పట్టాల ముందు భాగంలో బండి ఉందని కంప్యూటర్ గుర్తించి రైడ్‌ను ఆపింది. యంత్రం తన పని సరిగ్గానే చేసింది. పట్టాలు ఖాళీగానే ఉన్నాయనుకున్న సిబ్బంది ఆ ఆపుదలను పక్కనబెట్టి చేత్తో బండిని పంపారు. మా వృత్తిలో ఉన్నవారికి ఈ మాట వింటే వెన్ను చల్లబడుతుంది, ఎందుకంటే ఏ ఫ్యాక్టరీలోనైనా పెద్ద ప్రమాదం ఇలాగే జరుగుతుంది: హెచ్చరిక వస్తుంది, తొందరలో ఉన్న మనిషి దాన్ని యంత్రం పొరపాటు అనుకుంటాడు. సిబ్బందికి సరైన పద్ధతిని రాసి ఇవ్వకపోవడం, శిక్షణ చాలకపోవడం యాజమాన్యం తప్పేనని తేలి, 2016 సెప్టెంబరులో యజమాని అయిన మెర్లిన్ కంపెనీకి కోర్టు 50 లక్షల పౌండ్ల జరిమానా విధించింది.

ఆ ఏడాది ఆల్టన్ టవర్స్‌కు వచ్చేవారు దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారని అంచనాలు చెప్పాయి. కంపెనీ లాభాల అంచనాలు తగ్గించుకుంది. నవంబరులో, 190 వరకు ఉద్యోగాలు తీసేయవచ్చునని ప్రకటించింది. ఇది ఓర్లాండోలోని అర శాతం వంటిది కాదు.

ఆస్ట్రేలియాలోని డ్రీమ్‌వరల్డ్ పరిస్థితి ఇంకా బాధాకరం. 2016 అక్టోబరు 25న థండర్ రివర్ ర్యాపిడ్స్ అనే నీటి రైడ్‌లో పంపు ఆగిపోయి నీటిమట్టం తగ్గడంతో ఒక తెప్ప చిక్కుకుపోయింది. వెనుక వచ్చిన తెప్ప దాన్ని గుద్ది తిరగబడి, నలుగురు మరణించారు. అది భయపెట్టే రైడ్ కూడా కాదు, కుటుంబాలు పిల్లలతో ఎక్కేది. పార్కును డిసెంబరు 10న తిరిగి తెరిచారు, ఆ రైడ్‌ను మాత్రం మళ్లీ నడపకుండా తొలగించారు. 2020లో కోర్టు 36 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. ఆ తరువాత ఏళ్ల తరబడి ఆ పార్కుకు పాత జనం రాలేదు.

ఓర్లాండోలోనే ఇంకొక రకం ఉదాహరణ ఉంది. సీవరల్డ్‌లో 2010 ఫిబ్రవరిలో ఒక ఓర్కా తిమింగలం తన శిక్షకురాలిని చంపింది. వెంటనే జనం అంతగా తగ్గలేదు. మూడేళ్ల తరువాత ఆ జంతువులను బంధించి ఉంచే తీరు మీద ఒక డాక్యుమెంటరీ వచ్చాకే ప్రజల చూపు మారింది. అంచనాల ప్రకారం 2013లో 50 లక్షలు దాటిన సందర్శకులు 2017 నాటికి 40 లక్షల లోపుకు దిగిపోయారు. మధ్యలో, 2016 మార్చిలో, ఓర్కాల పెంపకం మానేస్తామని కంపెనీ ప్రకటించవలసి వచ్చింది. అంటే విషాదం జరిగిన రోజునే దాని ఫలితం తేలదు. "ఇది వారి చేతిలో ఉన్న పని" అని జనానికి అర్థమైన రోజున తేలుతుంది.

కృష్ణాతీరం గారి అత్తయ్యగారి ప్రశ్నకు నేను ఇచ్చే జవాబు ఏమిటంటే, భయపడవలసిన చోటును గుర్తించడం మంచిది. 2022 మార్చిలో ఓర్లాండోలోని ఇంటర్నేషనల్ డ్రైవ్ మీద, ఏ పెద్ద థీమ్ పార్కుకూ చెందని ఒక ఎత్తైన టవర్ రైడ్ నుంచి పద్నాలుగేళ్ల బాలుడు జారిపడి మరణించాడు. ఆ సీటుకు భుజాల మీదుగా దిగే పట్టీ ఉంది కానీ సీటు బెల్టు లేదు. పట్టీకీ సీటుకూ మధ్య ఎక్కువ సందు ఉన్నా అంతా సరిగ్గా ఉందని దీపం వెలిగేలా అక్కడి సెన్సరును చేత్తో సర్దారని విచారణలో బయటపడింది. ఆ టవర్‌ను తరువాత విప్పేశారు. వంద అడుగులు దాటిన అలాంటి రైడ్‌లకు రెండు కట్లూ ఉండాలని 2023లో ఫ్లోరిడా చట్టం చేసింది. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు: ఫ్లోరిడాలో వెయ్యి మందికి పైగా ఉద్యోగులుండి, సొంత తనిఖీదారులను పెట్టుకున్న పెద్ద పార్కులకు రాష్ట్ర ప్రభుత్వ తనిఖీ నుంచి మినహాయింపు ఉంది. గాయాల వివరాలను మూడు నెలలకోసారి వారే రాష్ట్రానికి తెలియజేస్తారు. ఆ ఏర్పాటు నాకు నచ్చదు. వాళ్ల ఇంజనీర్లు సమర్థులే కావచ్చు, కానీ తనిఖీ చేసేవారి జీతం వేరే చేతి నుంచి రావాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం.

మీ వరకు చెప్పాలంటే, ఆరేళ్ల పాప, పెద్దవాళ్లు ఎక్కే పడవలు, రైళ్లు, రంగులరాట్నం లాంటి వాటిలో ముప్పు చాలా తక్కువ. పెద్దబ్బాయి వేగమైన రైడ్ ఎక్కుతానంటే అతని ఎత్తును చెప్పులతో సాగదీసి చూపించకండి. గేటు దగ్గర నిల్చున్న ఉద్యోగి కాదంటే వాదించకుండా వెనక్కి రండి. వెన్నునొప్పి, గుండెజబ్బు ఉన్నవారు ఎక్కవద్దన్న బోర్డును మనవాళ్లు చదవకుండా దాటిపోవడం నేను చాలాసార్లు చూశాను.


సమాధానం
రాసినవారు: ఫ్రిస్కో నాన్న (టెక్సస్)

పెద్దలిద్దరూ విషాదాల గురించి చక్కగా రాశారు. కానీ సందర్శకుల సంఖ్య తగ్గలేదు కనుక ఏమీ మారలేదన్న అభిప్రాయం మొదటి సమాధానంలో ధ్వనిస్తోంది. దానితో నేను ఏకీభవించలేను. ఎంతమంది వస్తున్నారన్నది ఒక లెక్క, ఎవరు వస్తున్నారన్నది ఇంకొక లెక్క. రెండో లెక్కను ధర మార్చేసింది.

1971 అక్టోబరు 1న మేజిక్ కింగ్‌డమ్ తెరిచినప్పుడు పెద్దల ప్రవేశ రుసుము మూడున్నర డాలర్లు. ఇప్పటి విలువలో 28 డాలర్లు అనుకోవచ్చు. రైడ్‌లకు కూపన్ల పుస్తకం వేరే కొనాలి, 1982 వరకు ఆ పద్ధతే. కాబట్టి ఆ ధరను ఇప్పటి ధరతో సూటిగా పోల్చడం సరికాదు. దగ్గరి కాలమే తీసుకుందాం. 2015లో ధర మొదటిసారి 100 డాలర్లు దాటి 105 అయింది. 2016లో గరిష్ఠం 124. 2018 అక్టోబరు నుంచి ప్రతి తేదీకీ వేర్వేరు ధర. 2022 డిసెంబరు నాటికి గరిష్ఠం 189, 2025లో 199. 2016 గరిష్ఠ ధరతో పోలిస్తే ఇది 60 శాతం పెరుగుదల. అదే కాలంలో అమెరికాలో మొత్తం ధరలు పెరిగింది మూడో వంతుకు కాస్త పైగా మాత్రమే.

పైకి కనిపించే ఆ ధరకు తోడు, పూర్వం ఉచితంగా ఉన్నవి ఇప్పుడు కొనవలసి వస్తోంది. పొడవైన వరుస తప్పించుకునే ఫాస్ట్‌పాస్ 1999లో మొదలైనప్పటి నుంచి ఉచితమే. కరోనా తరువాత దాన్ని ఎత్తేసి, 2021 అక్టోబరులో అదే సౌకర్యాన్ని వేరే పేరుతో మనిషికి రోజుకు 15 డాలర్లకు అమ్మడం మొదలుపెట్టారు. 2024 అక్టోబరులో వచ్చిన, వరుసలు తప్పించే ఇంకా ఖరీదైన ప్రీమియర్ పాస్ రద్దీ రోజున మేజిక్ కింగ్‌డమ్‌లో మనిషికి 449 డాలర్ల దాకా ఉండేది, ప్రవేశ టికెట్ కాకుండానే. డిస్నీ హోటళ్లలో దిగినవారిని విమానాశ్రయం నుంచి ఉచితంగా తీసుకువచ్చే బస్సును 2022 మొదట్లో ఆపేశారు.

మీ కుటుంబం లెక్క వేద్దాం. పదేళ్లు నిండితే పెద్దల టికెట్టే కనుక మీ అబ్బాయికి పూర్తి ధర. మామయ్యగారికి, అత్తయ్యగారికి వయసును బట్టి రాయితీ లేదు. మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు తగ్గేది సుమారు అయిదు డాలర్లు. ఆరుగురికి క్రిస్మస్ వారంలో ఒక్క రోజుకు, ఆరున్నర శాతం పన్నుతో కలిపి 1,260 డాలర్లు దాటుతుంది. 2016లో 67 రూపాయల దగ్గర ఉన్న డాలరు 2025లో 85 దాటింది. అంటే లక్షా ఏడు వేల రూపాయల పైమాట. ఈ సంగతి మామయ్యగారికి తెలిస్తే ఆయన గేటు బయటే కూర్చుంటానంటారేమో. మా నాన్నగారు అలాగే అన్నారు.

మా నాన్నగారిని 2017లో తీసుకువెళ్లినప్పుడు మేము అయిదు రోజులు ఉన్నాము. ప్రపంచంలోని పిల్లల బొమ్మలన్నీ పాడుతుంటే మధ్యలోంచి పడవలో వెళ్లే రైడ్‌లో ఆయన రెండుసార్లు కూర్చుని, మూడోసారి కూడా ఎక్కుదామా అని మా అమ్మాయిని అడిగారు. అది నా జీవితంలో మరచిపోలేని సాయంత్రం. 2024లో మళ్లీ తీసుకువెళ్తే రెండు రోజులే ఉండగలిగాము. ఆ రెండు రోజుల్లో ఆయన ప్రతి వస్తువు ధరనూ రూపాయల్లోకి మార్చుకుంటూనే ఉన్నారు. మనుమరాలు ఐస్‌క్రీమ్ అడిగితే ఆయన మొహంలో కనిపించిన లెక్క నన్ను చాలా బాధపెట్టింది.

మా పరిచయస్తుల్లో చాలామంది ఇదే దారిలో ఉన్నారు. వారం రోజుల ప్రయాణం మూడు రోజులైంది. డిస్నీ హోటల్ బదులు రెండు మూడు కుటుంబాలు కలిసి కిస్సిమ్మీలోనో డావెన్‌పోర్ట్‌లోనో వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుంటున్నారు. డిస్నీ పార్కుల్లోకి బయటి తిండి తీసుకురానిస్తారు, గాజు సీసాలు, మద్యం మాత్రం తీసుకురాకూడదు. అందుచేత తెల్లవారుజామున పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టుకుని వెళ్లడం మాకు అలవాటైంది. ఇవేవీ సందర్శకుల సంఖ్యలో కనిపించవు. అయిదు రోజులు వచ్చినా ఒక్క రోజు వచ్చినా ఊరి లెక్కలో మేము నలుగురు సందర్శకులమే.

కంపెనీ వైపు నుంచి చూడండి. మేజిక్ కింగ్‌డమ్‌కు 2019లో 2 కోట్ల 9 లక్షల మంది వచ్చారని, 2023లో 1 కోటి 77 లక్షల మందే వచ్చారని అవే అంచనాలు చెబుతున్నాయి. అయినా డిస్నీ పార్కుల విభాగం రాబడి 2019ని దాటిపోయింది. తక్కువ మందితో ఎక్కువ రాబడి వస్తున్నప్పుడు ధర తగ్గించవలసిన అవసరం ఎవరికీ కనిపించదు. విషాదం తరువాత కంచె కట్టారు, బోర్డు పెట్టారు, చట్టం తెచ్చారు. ధర వల్ల రాలేకపోయిన కుటుంబం కోసం ఎవరూ ఏదీ పెట్టరు, ఎందుకంటే వాళ్లు రాలేదన్న సంగతి ఏ కాగితం మీదా నమోదు కాదు.


ప్రశ్న అడిగినవారి మాట
రాసినవారు: కృష్ణాతీరం

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి ఈ సమాధానాలన్నీ మా ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. కంచె గురించి రాసిన వాక్యం దగ్గర నాకు గొంతు పట్టేసింది. ఇన్నేళ్లుగా నేను పిరికిదాన్నని నాలో నేను అనుకుంటూ ఉండేదాన్ని.

అత్తయ్యగారు ఇంజనీరు గారి మాటలు శ్రద్ధగా విని, రంగులరాట్నం అయితే తాను కూడా ఎక్కుతానన్నారు. మామయ్యగారికి లక్షా ఏడు వేల సంగతి చదవకుండా దాటేశాను, ఫ్రిస్కో నాన్న గారు క్షమించాలి. డిసెంబరు మానుకున్నాము. జనవరి నెలాఖరులో పిల్లలకు రెండు రోజులు బడి మాన్పించి వెళ్లాలని, మేజిక్ కింగ్‌డమ్‌కు ఒక్క రోజే తీసుకుని, మిగతా రోజులు అద్దె ఇంట్లో అందరమూ కలిసి ఉండాలని నిర్ణయించుకున్నాము. అదే టికెట్ ఆ తేదీల్లో చాలా తక్కువకు కనిపిస్తోంది.

రెండు చిన్న సందేహాలు మిగిలాయి. మామయ్యగారికి మోకాళ్ల నొప్పి. చక్రాల కుర్చీ ఇంటి నుంచి తీసుకురావాలా, అక్కడ అద్దెకు తీసుకోవాలా? ఇంకొకటి, ఆ పసివాడి జ్ఞాపకంగా అక్కడ ఏమైనా ఉందా? ఉంటే ఒక నిమిషం నిలబడి రావాలని ఉంది.


సమాధానం
రాసినవారు: కిస్సిమ్మీ పాతకాపు

ఫ్రిస్కో నాన్న గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. నా బల్ల మీది కాగితంలో నిండిన గదులే ఉంటాయి, బుక్ చేయకుండానే ఆగిపోయినవారు ఉండరు. అయితే ఆయన చెప్పిన మార్పు మాకు ఒక చోట కనిపిస్తుంది. ఒక అతిథి ఉండే రాత్రుల సంఖ్య తగ్గింది. పదేళ్ల కిందట మా హోటల్లో వారం రోజులు ఉండే కుటుంబాలు ఇప్పుడు మూడు రాత్రులు, నాలుగు రాత్రులు ఉండి వెళ్లిపోతున్నాయి. గది తరచుగా ఖాళీ అయ్యేకొద్దీ శుభ్రం చేసేవారికి పని పెరుగుతుంది, జీతం మాత్రం గంటల లెక్కే.

కృష్ణాతీరం గారూ, చక్రాల కుర్చీ ఇంటి నుంచే తెచ్చుకోండి. పార్కు గేటు దగ్గర అద్దెకు దొరుకుతాయి కానీ, కారు నిలిపే చోటు నుంచి గేటు దాకా చాలా దూరం, అసలు నడక అక్కడే. ఉదయం గేట్లు తెరిచే వేళకు గంట ముందు చేరుకుంటే మామయ్యగారికి ఎండ తగలకుండా సగం పని అయిపోతుంది.

ఆ బాబు జ్ఞాపకంగా 2017లో డిస్నీ వారు ఆ హోటల్‌కు దగ్గరలో లైట్‌హౌస్ ఆకారంలో ఒక శిల్పం పెట్టారు. దాని కోసం మీరు ప్రత్యేకంగా వెతుక్కుంటూ వెళ్లలేకపోయినా పరవాలేదు. కారు నిలిపిన చోటు నుంచి మేజిక్ కింగ్‌డమ్‌కు మోనోరైలులో గానీ పెద్ద పడవలో గానీ వెళ్లాలి. పడవ ఎక్కండి, చక్రాల కుర్చీ నేరుగా లోపలికి వెళ్తుంది. ఆ పడవ దాటేది ఆ సరస్సునే. ఎడమ వైపు కటకటాల దగ్గర నిలబడితే గ్రాండ్ ఫ్లోరిడియన్ ఎర్రటి పైకప్పులు, దాని ముందున్న ఇసుక ఒడ్డు కనిపిస్తాయి.